నురగ కనబడుతుంది, లోహం కనబడదు: మన పంటల్లో భారలోహాల గురించి తెలుసుకుందాం



వానలు బాగా పడిన ఏడు హోసూరు పక్కన ఉన్న కెలవరపల్లి డ్యాం ఫోటోలు పేపర్లలో, ఫోన్లలో తిరుగుతాయి. గేట్లు ఎత్తగానే ఏటి మీద తెల్లని నురగ గుట్టలు గుట్టలుగా లేస్తుంది. గాలికి ఎగిరి రోడ్డు మీద, పొలాల్లో పడుతుంది. ఆ ఫోటోలు చూసిన అమ్మానాన్నలకు వెంటనే వచ్చే సందేహం ఒకటే: ఈ నీళ్ళతో పండిన కూరగాయలు పిల్లలకు పెట్టొచ్చా?

ఈ ప్రశ్నకు "ఏమీ కాదు, తినండి" అని చెప్పడం సులభం. "అంతా విషం, మానేయండి" అని చెప్పడం ఇంకా సులభం. రెండూ సరైన జవాబులు కావు. మన పిల్లల్లో చాలామంది వ్యవసాయం చేసే ఇళ్ళ నుంచి వస్తున్నారు. మొదటి మాట నమ్మితే పిల్లల ఆరోగ్యానికి నష్టం. రెండో మాట నమ్మితే ఆ పిల్లల ఇళ్ళల్లో పండిన కొత్తిమీర, టమోటా సంతలో అమ్ముడుపోవు. అందుకే ఈ విషయాన్ని కాస్త నిదానంగా, మొదటి నుంచి చూద్దాం.

ఈ ఏరు ఎక్కడ నుంచి వస్తుంది?

కర్ణాటకలో చిక్కబళ్ళాపురం జిల్లా నంది కొండల ప్రాంతంలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు పుట్టారు. ఒకటి ఉత్తర పినాకిని, అంటే మన తెలుగువాళ్ళు పెన్న అని పిలిచే నది. అది అనంతపురం, కడప మీదుగా పోయి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండోది దక్షిణ పినాకిని. తమిళంలో దీన్నే తెన్‌పెణ్ణై అంటారు. ఇది బెంగళూరుకు తూర్పుగా హొసకోట పక్క నుంచి వచ్చి మన తమిళనాడులో అడుగు పెడుతుంది. కెలవరపల్లి డ్యాం, తర్వాత కృష్ణగిరి డ్యాం, ఆ తర్వాత సాత్తనూరు డ్యాం దాటి కడలూరు దగ్గర సముద్రానికి చేరుతుంది.

దారిలో ఈ ఏటికి బెంగళూరు నగరం నీళ్ళు తోడవుతాయి. నగరం వాడి వదిలేసిన నీళ్ళు బెల్లందూరు చెరువులోకి, అక్కడ నుంచి వర్తూరు చెరువులోకి, అది పొర్లితే దక్షిణ పినాకినిలోకి వస్తాయి. బెల్లందూరు చెరువులో నురగ లేవడం, 2015లో, మళ్ళీ 2017లో, 2018లో చెరువు మీద మంటలు రావడం దేశమంతా చూసింది. 2018 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ చెరువుల విషయంలో కర్ణాటక ప్రభుత్వానికి 50 కోట్లు, బెంగళూరు నగర పాలికకు 25 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

కెలవరపల్లి కింద హోసూరు, శూళగిరి వైపు సుమారు 8,000 ఎకరాల ఆయకట్టు ఉంది. హోసూరు, శూళగిరి, రాయకోట సంతలకు వచ్చే కొత్తిమీర, పుదీనా, టమోటా, క్యాబేజీ మన ఇళ్ళకే కాదు, తిరిగి బెంగళూరుకూ, చెన్నైకీ పోతాయి. అంటే పైవాళ్ళు వదిలిన నీళ్ళే కూరగాయల రూపంలో వాళ్ళ ఇంటికే తిరిగి చేరుతున్నాయి. ఇది ఒక ఊరి సమస్య కాదని ఇందులోనే తెలుస్తోంది.

నురగ వేరు, లోహం వేరు

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తు పెట్టుకోవాలి. నురగకు ముఖ్య కారణం సబ్బులు, బట్టల పొడులు, గిన్నెలు తోమే ద్రవాలు. వాటిలో ఉండే పదార్థం పూర్తిగా శుద్ధి కాకుండా ఏట్లోకి వస్తుంది. గేట్ల దగ్గర నీళ్ళు ఎత్తు నుంచి పడి చిలికినట్టు అవుతాయి కాబట్టి నురగ లేస్తుంది. అంటే నురగ మనకు ఒక్క మాటే చెబుతుంది: శుద్ధి కాని నగరం నీళ్ళు ఇందులో ఉన్నాయి అని. ఆ నీళ్ళల్లో సీసం ఉందా, కాడ్మియం ఉందా, ఉంటే ఎంత ఉంది అనేది నురగ చెప్పదు.

భారలోహాలకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మనకు ప్రమాదం కలిగించేంత లోహం ఉన్న నీళ్ళు కూడా తేటగా మెరుస్తూ కనబడవచ్చు. మన జిల్లాలో పెద్దవాళ్ళకు ఇది కొత్త కాదు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో తేటగా ఉండే బోరు నీళ్ళే తాగి ఎందరికో పళ్ళు గారపట్టాయి, ఎముకలు వంగాయి. కారణం ఫ్లోరైడ్. అందుకోసమే హొగేనకల్ తాగునీటి పథకం కట్టి 2013లో ప్రారంభించారు. ఫ్లోరైడ్ లోహం కాదు. కానీ పాఠం అదే: కంటికి బాగున్నంత మాత్రాన నీళ్ళు మంచివి కావు. కంటికి చెడ్డగా కనబడిందల్లా విషమూ కాదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

భారలోహాలు అంటే ఏవి?

సీసం, కాడ్మియం, పాదరసం, క్రోమియం, నికెల్ లాంటివి. ఆర్సెనిక్ అచ్చమైన లోహం కాకపోయినా దాన్నీ ఈ జాబితాలోనే కలుపుతారు. ఇనుము, జింకు, రాగి కూడా లోహాలే. అవి మన ఒంటికి కొద్దిగా కావాలి, ఎక్కువైతేనే చెడుపు. సీసం, కాడ్మియం, పాదరసం అట్లా కాదు. వాటితో మన ఒంటికి ఏ పనీ లేదు.

మురుగు నీళ్ళల్లో క్రిములు ఉంటే మరగబెడితే చస్తాయి. పురుగుమందు అయితే ఎండకు, నేలకు మెల్లగా విరిగిపోతుంది. లోహం విరిగేది కాదు. అది మూలకం. మరగబెట్టినా, ఎండబెట్టినా, పాతిపెట్టినా సీసం సీసంగానే ఉంటుంది. మరగబెడితే నీళ్ళు ఆవిరై, మిగిలిన నీళ్ళల్లో దాని పాలు ఇంకా పెరుగుతుంది. అందుకే ఒకసారి నేలలో చేరిన లోహం మన మనవల కాలం దాకా అక్కడే ఉండగలదు.

నేలలోకి ఎట్లా వస్తుంది, మొక్కలోకి ఎట్లా ఎక్కుతుంది?

ఏటి నీళ్ళు ఒక్కటే దారి కాదు. లోహపు పూత వేసే షెడ్లు, పాత బ్యాటరీలు విరగ్గొట్టే చోట్లు, తోళ్ళ శుద్ధి, రంగుల పరిశ్రమలు వదిలే నీళ్ళు ఒక దారి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. కానీ అంతకు ముందు బండ్ల పొగలో వచ్చిన సీసం పెద్ద రోడ్ల పక్క మట్టిలో ఇంకా ఉండవచ్చు. కృష్ణగిరి – హోసూరు హైవే అంచున ఆకుకూరలు వేసేవాళ్ళు ఇది గమనించాలి. భాస్వరం ఎరువుల్లో కొద్దిగా కాడ్మియం ఉంటుంది, ఎందుకంటే ఆ ఎరువు చేసే రాతిలోనే అది ఉంది. నగరం చెత్తతో చేసిన కంపోస్టులో వేరు చెయ్యని బ్యాటరీలు, రంగు డబ్బాలు కలిస్తే అందులోనూ లోహాలు చేరతాయి.

ఇక మొక్క సంగతి. మొక్కకు జింకు కావాలి. జింకును లోపలికి తీసుకోవడానికి వేరులో ఒక తలుపు ఉంటుంది అనుకోండి. కాడ్మియం జింకుకు దగ్గరి పోలిక ఉన్నది కాబట్టి అదే తలుపులో దొంగలాగా దూరుతుంది. నేలలో జింకు తక్కువగా ఉంటే కాడ్మియం ఇంకా ఎక్కువ దూరుతుంది. నేల పులుపు ఎక్కితే, అంటే పీహెచ్ తగ్గితే, లోహం మట్టిని వదిలి నీళ్ళల్లో కరిగి వేరుకు అందుతుంది. పశువుల ఎరువు, ఆకు ఎరువు బాగా ఉన్న నేల లోహాన్ని పట్టి ఉంచుతుంది, వేరుకు అంత తేలిగ్గా ఇవ్వదు.

అన్ని పంటలూ ఒకే రకంగా లోహాన్ని ఎక్కించుకోవు. ఇది రైతు ఇంట్లో అందరూ తెలుసుకోవలసిన విషయం.

ఆకుకూరలు ఎక్కువగా తీసుకుంటాయి. పాలకూర, తోటకూర, కొత్తిమీర, పుదీనా ఈ వరసలో ఉన్నాయి. ఆవ మొక్క అయితే లోహాన్ని లాగడంలో మొనగాడు.

దుంపలు మధ్యలో ఉంటాయి. క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్ పై తోలుకు అంటిన మట్టితో సీసం రావచ్చు.

కాయలు, గింజలు సాధారణంగా తక్కువ తీసుకుంటాయి. టమోటా, బీన్స్, అనపకాయ, మామిడి లాంటివి. మన జిల్లా మామిడి గురించి భయపడవలసిన పని తక్కువ.

వరి మాత్రం వేరే కథ. మడిలో నీళ్ళు నిలిచి ఉంటే ఆర్సెనిక్ ఎక్కువ ఎక్కుతుంది. కోతకు ముందు మడి ఆరబెడితే కాడ్మియం ఎక్కువ ఎక్కుతుంది. అందుకే ఏ నేలలో ఏది ఉందో ముందు తెలియాలి.

ఒంట్లో చేరితే ఏమవుతుంది?

జపాన్‌లో తొయామా అనే ప్రాంతం ఉంది. అక్కడ జింజు అనే నది పైభాగంలో ఉన్న కమియోకా గని నుంచి కాడ్మియం ఆ నదిలో కలిసేది. కింద రైతులు ఆ నీళ్ళనే వరి మళ్ళకు కట్టారు. ఏళ్ళు గడిచాక అక్కడి ఆడవాళ్ళకు, ముఖ్యంగా చాలా కాన్పులైన వాళ్ళకు, ఎముకలు మెత్తబడి చిన్న కదలికకే విరిగేవి. నొప్పికి వాళ్ళు పెట్టే కేక "ఇతాయ్ ఇతాయ్", అంటే "నొప్పి, నొప్పి". జబ్బుకు ఆ పేరే నిలిచిపోయింది. 1968లో జపాన్ ప్రభుత్వం దాన్ని కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా ఒప్పుకుంది. చెడిన పొలాల మట్టిని మార్చి బాగు చెయ్యడానికి ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది. గమనించండి: ఆ బియ్యం చూడ్డానికి మామూలు బియ్యమే. తిన్న రోజు ఎవరికీ ఏమీ కాలేదు.

కాడ్మియం మూత్రపిండాల్లో చేరి పది నుంచి ముప్పై ఏళ్ళ దాకా వదలదు. మెల్లగా వాటిని దెబ్బ తీస్తుంది, ఎముకలను బలహీనం చేస్తుంది.

సీసం కాల్షియం వేషం వేసి ఎముకల్లో, పళ్ళల్లో దాక్కుంటుంది. తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఆ ఎముకల్లోంచి బయటికి వచ్చి బిడ్డకూ చేరగలదు. పిల్లల మెదడు ఎదిగే వయసులో ఇది చేసే హాని ఎక్కువ. చదువు మీద ధ్యాస నిలవకపోవడం, నేర్చుకోవడంలో వెనకబడడం, రక్తం తగ్గడం దీనివల్ల జరగవచ్చు. పెద్దవాళ్ళ కంటే చిన్న పిల్లల ఒళ్ళు సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. ఇంత వరకు సీసం ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఆర్సెనిక్ చాలా కాలం ఒంట్లోకి పోతే చర్మం మీద మచ్చలు, గట్టిపడడం, తర్వాత క్యాన్సర్ దాకా తీసుకుపోతుంది. పాదరసం నరాలను పట్టుకుంటుంది.

అయితే ఒక హెచ్చరిక. బిడ్డకు కడుపునొప్పి, నీరసం, మతిమరుపు ఉంటే అది సీసమే అని మీరే తీర్మానించుకోకండి. వీటికి నులిపురుగుల నుంచి నిద్రలేమి దాకా ఎన్నో కారణాలు ఉంటాయి. అనుమానం ఉంటే డాక్టరును అడగండి. రక్తంలో సీసం ఎంత ఉందో చెప్పే పరీక్ష ఉంది. ఒక డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే సీసం ఎక్కడ నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది.

తెలుగు నేల మీద రెండు పాఠాలు

మొదటిది పటాన్‌చెరు. హైదరాబాదు పక్కన, అప్పటి మెదక్ జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో 1970ల నుంచి మందుల, రసాయనాల కంపెనీలు వరసగా వచ్చాయి. వాటి నీళ్ళు నక్కవాగులో కలిసి మంజీరా వైపు పారాయి. వాగు పక్క చెరువులు, బావులు, పొలాలు చెడిపోయాయి. డాక్టరు అల్లాని కిషన్‌రావు లాంటి వాళ్ళు రైతులతో కలిసి పోరాడారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. పంట పోయిన రైతులకు పరిహారం, ఊళ్ళకు మంచి నీళ్ళు ఇవ్వాలని కోర్టు ఆదేశాలు ఇచ్చింది. కానీ పరిహారం వచ్చినా నేల తిరిగి రాలేదు. చెడకముందు కాపాడుకోవడానికి అయ్యే ఖర్చు, చెడిన తర్వాత బాగు చేసే ఖర్చులో చిన్న పాలు మాత్రమే.

రెండోది ఏలూరు. 2020 డిసెంబరు మొదటి వారంలో ఆంధ్రప్రదేశ్‌లోని ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు రోగుల రక్తంలో సీసం, నికెల్ ఎక్కువగా ఉన్నాయన్నారు. అందరూ "భారలోహాలే" అనుకున్నారు. కొన్ని రోజులకే నిపుణుల నివేదికలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపాయి. ఇందులో మనకు పాఠం ఏమంటే, ఒక్క పరీక్షతో తొందరపడి తీర్పు చెప్పకూడదు. నీళ్ళు, మట్టి, కూరగాయ, రక్తం నాలుగూ చూడాలి.

2023లో బెంగళూరులో ఎంప్రి అనే పర్యావరణ సంస్థ పది రకాల కూరగాయల నమూనాలు 400 పరీక్షించింది. పెద్ద అంగళ్ళు, చిన్న అంగళ్ళు, సేంద్రియ అంగళ్ళు అన్నింటి నుంచీ తీసుకున్నారు. కొన్నింటిలో సీసం, కాడ్మియం, నికెల్ పరిమితి దాటాయని వార్త వచ్చింది. "సేంద్రియం" అని చీటీ ఉంటే లోహం ఉండదనుకోవడం పొరపాటు. సేంద్రియం అంటే మందు కొట్టలేదని. నేలలో, నీళ్ళల్లో ఏముందో ఆ చీటీ చెప్పదు.

పిల్లలూ, ఒక లెక్క చేద్దామా?

అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం కిలో పచ్చి ఆకుకూరలో కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. పాలిష్ పట్టిన బియ్యంలో కిలోకు 0.4 మిల్లీగ్రాములు దాటకూడదు. మనిషి నెలకు తన బరువులో కిలోకు 25 మైక్రోగ్రాముల కాడ్మియం వరకు తట్టుకోగలడని నిపుణుల అంచనా. ఒక మిల్లీగ్రాముకు 1,000 మైక్రోగ్రాములు.

20 కిలోల బిడ్డకు నెలకు 20 × 25 = 500 మైక్రోగ్రాములు. రోజుకు సుమారు 16 నుంచి 17.

ఆ బిడ్డ సరిగ్గా పరిమితి అంచున ఉన్న ఆకుకూర 50 గ్రాములు తింటే 10 మైక్రోగ్రాములు. రోజు మొత్తానికి ఉన్న వాటాలో సగానికి పైగా ఇక్కడే అయిపోయింది. పరిమితి అంచున ఉన్న బియ్యం 100 గ్రాములు తింటే 40 మైక్రోగ్రాములు, అంటే రెండు రోజుల వాటా దాటిపోయింది.

దీని అర్థం ఏమిటి? పరిమితి లోపల ఉంది కదా అని ఎంతైనా తినొచ్చు అని కాదు. మామూలుగా కూరల్లో ఉండేది ఈ పరిమితి కంటే చాలా తక్కువ, కాబట్టి భయపడనక్కర లేదు. కానీ ఒకే తోట కూర, ఒకే రకం బియ్యం రోజూ తినే ఇంటికి ప్రమాదం ఎక్కువ. మార్చి మార్చి తినే ఇంటికి తక్కువ.

ఇంకో చిక్కు. కొన్ని నివేదికల్లో ఎండబెట్టిన కూర బరువు మీద లెక్క ఇస్తారు. ఆకుకూరలో తొంభై శాతం నీళ్ళే. ఎండితే అదే లోహం పదింతలుగా కనబడుతుంది. పేపర్లో పెద్ద అంకె చూసినప్పుడు అది పచ్చి బరువా, ఎండు బరువా అని ముందు అడగండి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ళకు ఇది చెప్పగలగాలి.

భూసార పరీక్ష ఉంది కదా, చాలదా?

చాలదు. ఇది చాలామందికి తెలియదు. 2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలు చూస్తారు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, ఉప్పు శాతం, సేంద్రియ కర్బనం. ఇందులో సీసం లేదు, కాడ్మియం లేదు, ఆర్సెనిక్ లేదు. కార్డులో "నేల బాగుంది" అని ఉంటే అది పంటకు బాగుంది అని మాత్రమే. భారలోహాల పరీక్ష విడిగా అడిగి చేయించుకోవాలి.

అయినా ఆ కార్డును పారెయ్యకండి. అందులోని పీహెచ్, జింకు, సేంద్రియ కర్బనం, ఈ మూడూ మీ నేల లోహాన్ని మొక్కకు ఎంత తేలిగ్గా ఇస్తుందో చెబుతాయి. ఎలుమిచ్చంగిరిలో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రంలో, పైయూరులో ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రంలో సలహా అడగవచ్చు. ఏట్లో, కాలవలో రంగు నీళ్ళు, వాసన నీళ్ళు వస్తే కాలుష్య నియంత్రణ మండలి హోసూరు కార్యాలయానికి రాసి ఇవ్వండి. ఒక్కొక్కరుగా పరీక్ష చేయిస్తే ఖర్చు ఎక్కువ. ఒకే కాలవ కింద ఉన్న పది మంది కలిసి ఒక నీళ్ళ నమూనా, ఒకటి రెండు మట్టి నమూనాలు పంపితే తలా కొంచెం పడుతుంది. ఊరందరి తరఫున రాసి ఇచ్చే అర్జీకి బలమూ ఎక్కువ.

రైతులు చెయ్యగలిగినవి

ఏటి నీళ్ళు, మురుగు కలిసిన నీళ్ళు తప్పనిసరి అయితే ఆ మడిలో ఆకుకూరలు, దుంపలు వెయ్యకండి. కాయ పంటలు, గింజ పంటలు మేలు. నేలలో లోహం ఉందని పరీక్షలో తేలితే పూలు వెయ్యవచ్చు. హోసూరు రోజాకు ఉన్న పేరు మనకు తెలిసిందే. తినే పంట కాదు కాబట్టి లోహం నోటికి చేరదు.

పశువుల ఎరువు, ఆకు ఎరువు దండిగా వెయ్యండి. పీహెచ్ తక్కువ ఉన్న నేలకు సలహా తీసుకుని సున్నం వెయ్యండి. జింకు లోటు ఉంటే జింకు సల్ఫేటు వెయ్యండి. జింకు దొరికిన వేరు కాడ్మియానికి తలుపు తక్కువ తెరుస్తుంది.

నగరం కంపోస్టు కొంటే పరీక్ష చీటీ అడగండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కిలో కంపోస్టులో కాడ్మియం 5, సీసం 100, ఆర్సెనిక్ 10 మిల్లీగ్రాములు దాటకూడదు. చీటీ చూపించని వాళ్ళ దగ్గర కొనకండి.

పాత బ్యాటరీలు, ట్యూబులైట్లు, రంగు డబ్బాలు దిబ్బలో వెయ్యకండి, చేలో కాల్చకండి. ఇది పిల్లలే ఇంట్లో కాపలా కాయగల పని.

వంటింట్లో చెయ్యగలిగినవి

ఆకుకూరను ఒకసారి కాదు, మూడుసార్లు ధారాళంగా నీళ్ళు మార్చి కడగండి. ఆకుకు అంటిన దుమ్ములో ఉన్న సీసం దీనితో చాలావరకు పోతుంది. ఆకు లోపలికి ఎక్కిన కాడ్మియం మాత్రం కడిగితే పోదు. క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి తోలు గీకి వాడండి.

అన్నం గంజి వార్చి వండే పాత పద్ధతి మంచిదే. నీళ్ళు ఎక్కువ పోసి వార్చితే బియ్యంలోని ఆర్సెనిక్ కొంత గంజితో పోతుంది. అయితే వండే నీళ్ళు మంచివై ఉండాలి.

పసుపు మరీ మెరిసే పచ్చగా ఉంటే అనుమానించండి. రంగు కోసం సీసం కలిసిన రసాయనం కలిపిన సంగతి బంగ్లాదేశ్‌లో 2019లో పరిశోధకులు బయటపెట్టారు. కొమ్ములు కొని ఇంట్లో దంచుకుంటే మంచిది. రసం కాచే ఈయం చెంబు అచ్చమైన తగరంతో చేసిందై ఉండాలి, సీసం కలిసింది కాకూడదు. ఇత్తడి గిన్నెలకు పూసే కళాయికీ ఇదే మాట. నమ్మకమైన చోటే కొనండి, పూయించండి.

అన్నిటికంటే ముఖ్యమైనది పిల్లల తిండి. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువగా ఉంటే పేగు సీసాన్ని, కాడ్మియాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది. ఆకలిగొన్న వాడు దొరికింది తిన్నట్టు. కడుపు నిండా మంచి తిండి తిన్న బిడ్డకు లోహం తక్కువ అంటుతుంది. ఇందుకు మన ఇంట్లోనే మందు ఉంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, అది బియ్యంలో ఉన్నదానికి ఎన్నో రెట్లు. రాగి సంగటి, ఉలవచారు, మునగాకు, పక్కన ఒక నిమ్మచెక్క. పుల్లటిది తోడైతే ఇనుము బాగా ఒంటపడుతుంది. అన్నంతోబాటు టీ తాగితే ఒంటపట్టదు. పొద్దున ఏమీ తినకుండా బడికి వచ్చే అలవాటు ఈ కారణంగా కూడా మంచిది కాదు.

ఆకుకూరలు మానెయ్యకండి. మానేస్తే ఇనుము తగ్గుతుంది, ఇనుము తగ్గితే ఏ లోహానికి భయపడ్డామో అదే ఎక్కువ ఎక్కుతుంది. ఒకే చోటివి కాకుండా మార్చి మార్చి కొనండి. ఇంటి వెనక మంచి నీళ్ళు, మంచి మట్టి ఉంటే నాలుగు కుండీల్లో తోటకూర, కొత్తిమీర వేసుకోండి.

చివరగా

పైన నగరం చెయ్యవలసిన పని నగరానికి ఉంది. రెండు రాష్ట్రాలు, కోర్టులు, కాలుష్య మండళ్ళు చెయ్యవలసిన పని వాళ్ళకు ఉంది. నీళ్ళను శుద్ధి చేసి వదలమని అడిగే హక్కు కింద ఉన్న మనకు ఉంది, అడుగుతూనే ఉండాలి. కానీ వాళ్ళు చేసేదాకా మన పిల్లల ఎముకలు ఆగవు, ఎదుగుతూనే ఉంటాయి. కాబట్టి మన చేతిలో ఉన్నవి ముందు చేద్దాం: నీళ్ళు పరీక్ష చేయించడం, నేలను బట్టి పంట ఎంచుకోవడం, ఇంట్లో తిండి మార్చి మార్చి పెట్టడం.

పిల్లలు ఈ వారం ఇంట్లో మూడు ప్రశ్నలు అడిగి జవాబులు నోటు పుస్తకంలో రాసుకోండి. మన చేనికి నీళ్ళు ఎక్కడ నుంచి వస్తున్నాయి? మన ఇంటి కూరగాయలు ఏ ఊరి నుంచి వస్తున్నాయి? మన ఇంట్లో పాత బ్యాటరీలు ఎక్కడికి పోతున్నాయి? జవాబు తెలియని ప్రశ్న దగ్గర సున్న చుట్టండి. ఆ సున్న చుట్టిన చోటు నుంచే మన పని మొదలుపెడదాం.